పటిక వేసిన చెరువు

గవ్వలచెరువుకు రావలసిన నిధి చేజారిపోయిన రోజు మా బడిలో ఏడో తరగతి పిల్లలకు సామాన్యశాస్త్రం వార్షిక పరీక్ష. ఆ గదికి నేనే ఇన్విజిలేటర్‌ని. ఏప్రిల్ ఎండ అప్పటికే కిటికీ దాటి బెంచీల మీదికి వచ్చేసింది. నా ఫోన్ బల్ల సొరుగులో ఉంది. అది ఆగి ఆగి వణుకుతుంటే సొరుగంతా గరగరమంది. పిల్లలు తలలెత్తి నా వైపు చూశారు. నేను సొరుగు తెరవలేదు.

గంట కొట్టాక తీసి చూస్తే ఇంజినీర్ నరేందర్ పంపిన మెసేజ్ ఉంది. "మేడమ్, శాంక్షన్ లిస్ట్ వచ్చింది. మన చెరువు లేదు. సారీ."

జవాబు పత్రాలు వరుసగా పేర్చి దారం కట్టాను. ముడి సరిగ్గా పడలేదనిపించి విప్పి మళ్ళీ కట్టాను. అప్పటికీ సరిగ్గా పడలేదు.

ఆ లిస్టులో మా చెరువు పేరు ఉంటుందని మేమందరం ఎందుకంత గట్టిగా నమ్మామో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. తెల్లాపూర్ రోడ్డు మీద ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్ల వెనక ఉంటుంది గవ్వలచెరువు. ఎగువన ఉన్న కాలనీల మురుగంతా శుద్ధి కేంద్రం గుండా ఇందులోకి వస్తుంది. ఆ కేంద్రంలో వాసన పోతుంది, చెత్త పోతుంది. సబ్బుల్లోని భాస్వరమూ మరుగుదొడ్ల నుంచి వచ్చే నత్రజనీ మాత్రం పోవు. పొలానికి ఎరువు వేసినట్టు అవి చెరువుకు చేరతాయి. దానితో పాచి పెరుగుతుంది, గుర్రపుడెక్క పెరుగుతుంది. ఎండాకాలం తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు చాలక చేపలు చచ్చి తేలతాయి. ఆ శుద్ధి కేంద్రానికి పోషకాలను పట్టి ఆపే మరొక దశ కట్టించాలని నా భర్త రామచంద్రం నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆయన జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. చివరికి సరిగ్గా ఆ పనికే డబ్బిచ్చే ప్రభుత్వ పథకం ఒకటి వచ్చింది. దరఖాస్తు ఆయనే రాశారు. మొదటి వడపోతలో మా చెరువు నిలిచింది. జనవరిలో ఒక సాయంత్రం, ఆ పని మీదే వెళ్ళి వస్తూ రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత ఆ పని 'సార్ పని' అయింది. చెరువుకు ఒక పక్క చేపల సంఘం, దాని పెద్ద యాదయ్య. మరొక పక్క గేటెడ్ కమ్యూనిటీ, దాని ప్రెసిడెంట్ సుబ్బరాయుడుగారు. కట్ట మీది గేటుకు తాళం వేసిన విషయంలో ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. మా ఆయన పోయిన వారంలోనే సుబ్బరాయుడుగారు ఆ తాళం తీయించారు. ఫిబ్రవరి నెలాఖరున తనిఖీ బృందం వచ్చి చెరువు నీళ్ళు పట్టుకుపోయింది. ఆ రోజుల్లో నేను మాసికం పెట్టడానికి మా ఊరు వెళ్ళాను. తిరిగొచ్చాక అడిగితే, "అంతా మస్తు అయింది టీచరమ్మా, మీరు ఫికర్ చేయకుండ్రి" అన్నాడు యాదయ్య. ఇక నిధి రావడమే తరువాయి అనుకున్నాను.

*

శేరిలింగంపల్లిలో నరేందర్ ఆఫీసుకు వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. అతను ఒకప్పుడు మా ఆయన దగ్గర చదువుకున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కూర్చోమని నేను చెప్పేదాకా కూర్చోలేదు.

"ఎందుకు రాలేదు నరేందర్?"

"రిజల్ట్ మేడమ్." కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. "భాస్వరం లిమిట్ కన్నా చాలా తక్కువుంది. ఈ లిమిట్ దాటిన చెరువులకే డబ్బులిస్తరు. మనది దాటలే."

"ఏ చెరువు నీళ్ళివి?"

"మనదే మేడమ్. నేనే పక్కనుండి పట్టించిన. సీల్ కూడా నేనే వేసిన."

"గవ్వలచెరువులో భాస్వరం తక్కువుందా?"

అతను ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. చెరువు కట్ట. దాని మీద షామియానా. పైఅధికారికి సుబ్బరాయుడుగారు శాలువా కప్పుతున్నారు. వెనక ఫ్లెక్సీ మీద మా ఆయన ఫోటో ఉంది. కాలేజీ ఐడీ కార్డు కోసం తీయించుకున్నది, కాలర్ ఒక పక్కకు వంగి ఉంటుంది. దాన్ని అంత పెద్దదిగా నేనెప్పుడూ చూడలేదు. ఫ్లెక్సీ వెనక చెరువు. అందులో ఒక్క గుర్రపుడెక్క మొక్క లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అపార్ట్‌మెంట్లు తలకిందులుగా స్పష్టంగా కనబడుతున్నాయి.

ఫోటో చాలాసేపు చూశాను.

"ఏం చేశారు వీళ్ళు?"

"నాకు ఆ రోజే డౌటొచ్చింది మేడమ్. పోయిన నెలలో పచ్చగున్న చెరువు ఇప్పుడిట్లెట్లుందని. కానీ పెద్దాఫీసర్లు ముందల నిలబడ్డరు. 'వండర్‌ఫుల్' అంటున్నరు. నేను ఏమని నోరు తెరవాలె?" గొంతు తగ్గించాడు. "మేడమ్, తప్పుగ అనుకోకండి. రోగం లేదని రిపోర్టొస్తే దవాఖానల మంచం ఇయ్యరు గద. ఇది గూడ గంతే."

"ఆ రోగం నువ్వు చూశావు కదా."

"నేను చూసిన. కాయితం చూడలే."

లేచాను. గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ పరీక్షకు వీలుంటుందేమో పైవాళ్ళను అడుగుతానన్నాడు. మాట ఇవ్వలేనని కూడా అన్నాడు. ఆ రెండో మాట చెప్పినందుకు అతని మీద గౌరవం కలిగింది.

*

సాయంత్రం గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో కలుద్దామని సుబ్బరాయుడుగారికీ, చెరువు కమిటీ సెక్రటరీ లావణ్యకూ, యాదయ్యకూ కబురు పెట్టాను. గేటు దగ్గర సెక్యూరిటీలో ఉండే రమేష్ నా పేరు ఫోన్‌లో కొట్టి వెంటనే లోపలికి పంపాడు. యాదయ్య పేరు రెండుసార్లు కొట్టినా లోపలినుంచి అనుమతి రాలేదట. ఎండలో నిలబడి ఉన్నాడు. నేను వెనక్కి వెళ్ళి, నాతో వచ్చాడని చెప్పి తీసుకొచ్చాను.

"కొత్తేం గాదు టీచరమ్మా," అన్నాడు నడుస్తూ. "మన చేపలైతే సీదా వంటింట్లకు పోతయ్. మనకే ఈ తకలీఫ్."

క్లబ్‌హౌస్‌లో ఏసీ జోరుగా నడుస్తోంది. యాదయ్య లోపల అడుగుపెట్టగానే భుజాల మీది కండువా నిండుగా కప్పుకున్నాడు.

"ఏంది సారూ, ఐసుల చేపలను పెట్టినట్టు పెట్టిన్రు మమ్మల్ని?"

"చెడిపోకుండా ఉంటావులే, కూర్చో యాదయ్యా," అన్నారు సుబ్బరాయుడుగారు. ఆయనది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఇళ్ళు కట్టించే కాంట్రాక్టులు చేసి ఇప్పుడు మానుకున్నారు. మనిషి ఎత్తు, గొంతు అంతకన్నా ఎత్తు. "రామ్మా రత్నమాలమ్మా. మొఖం ఏంటికట్లా పీక్కపోయింది? అన్నం తిన్యావా లేదా? లావణ్యా, కాఫీ తెప్పించు తల్లీ."

నేను కాఫీ కోసం ఆగలేదు. "ఫిబ్రవరిలో అధికారులు రాకముందు చెరువులో ఏం చేశారు?" అని అడిగాను.

సుబ్బరాయుడుగారి ముఖం వెలిగింది.

"ఏం చేసినామా? ఏం చెయ్యలేదో అడుగు మ్మా! గుర్రపుడెక్క మొత్తం పీకించినాం. జేసీబీ ఒక పక్క, యాదయ్య మనుషులు ఒక పక్క. మురుగు వచ్చే కాలవ నోటికి ఇసక మూటలు అడ్డం కట్టినాం. ఆ నీళ్ళు ట్యాంకర్లతో వారం దినాలు బయటికి తోలించినాం."

"మొలలోతుల నిలబడి పీకినం," అన్నాడు యాదయ్య. "మా లచ్చమ్మకైతే కాళ్ళకు దద్దుర్లొచ్చినయ్. అయినా ఇంటికి పో అంటే పోలే."

"అదొక్కటేనా? పటిక! అది నా ఐడియా." సుబ్బరాయుడుగారు కుర్చీ ముందుకు జరిపారు. "మా ఊర్లో పెన్నకు కొత్తనీళ్ళు వస్తే ఎర్రగా ఉంటాయి. మాయమ్మ బిందెలో పటిక రెండు తిప్పులు తిప్పేది. కాసేపటికి కింద మన్ను, పైన తేటనీళ్ళు. బిందెకు ఆ ముక్క సరిపోతే చెరువుకు ఎంత కావల్లని అడిగితే మావాళ్ళందరూ నవ్విరి. నేను లారీ తెప్పిస్తి."

"తెప్పలెక్కి చల్లింది మేము," అన్నాడు యాదయ్య. "సారు కట్ట మీద నిలబడి ఆ మూలకు, ఈ మూలకు అని కేకలు పెట్టిండు. చేతులు మండి రెండు దినాలు బువ్వ కలుపుకోలే."

"నేను కేకలు పెట్టకపోతే నువ్వు ఒకే చోట పోద్దువు!"

"పోద్దును. ఆడ చేపపిల్ల ఉన్నదని జర పక్కకు పోయిన. నీకేమెరుక?"

ఇద్దరూ నవ్వారు. లావణ్య ఫోన్‌లో వీడియో పెట్టి నా చేతికిచ్చింది. "డ్రోన్‌తో తీశాం మేడమ్. మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో ఎంత రెస్పాన్సో! ఇన్నేళ్ళలో సొసైటీవాళ్ళు, ఫిషరీస్ వాళ్ళు కలిసి చేసిన ఫస్ట్ పని ఇదే, తెలుసా?"

వీడియోలో తెప్పలు తెల్లటి పొడి చల్లుతూ వరుసగా కదులుతున్నాయి. కట్ట మీద ఆడవాళ్ళు అందరికీ మజ్జిగ అందిస్తున్నారు. ఐటీ కుర్రాళ్ళు ప్యాంట్లు మడిచి యాదయ్య మనుషుల పక్కన నిలబడి మొక్కలు లాగుతున్నారు. మా ఆయన బతికుండగా ఈ దృశ్యం చూడాలని ఎంత కోరుకున్నారో నాకు తెలుసు. ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

"నిధి రాలేదు," అన్నాను.

"ఇంకా రాలేదా?" అన్నారు సుబ్బరాయుడుగారు.

"ఇక రాదు. లిస్టులో మన పేరు లేదు. మన చెరువులో భాస్వరం లేదని పరీక్షలో తేలింది. మురికి ఎక్కువున్న చెరువులకే ఆ డబ్బు. మనం మురికి దాచి చూపించాం."

మగవాళ్ళిద్దరికీ వెంటనే అర్థం కాలేదు. లావణ్యకు అర్థమైంది. ఆ అమ్మాయి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అదేం న్యాయం మ్మా?" అన్నారు సుబ్బరాయుడుగారు. "శుద్ధంగా పెట్టుకున్నోడికి ఇయ్యరా? గబ్బు చేసుకున్నోడికి ఇస్తారా? ఏం గవర్నమెంటమ్మా ఇది!"

"మనం శుద్ధంగా పెట్టుకోలేదు. ఒక్క వారం అలా కనబడేలా చేశాం."

"కనబడొద్దా మరి?" యాదయ్య గొంతు పెరిగింది. "ఇంటికి చుట్టమొస్తుంటే వాకిలి ఊడ్వమా టీచరమ్మా? సాన్పి చల్లమా? గలీజు వాకిట్ల కుర్చీ వేసి కూసోమంటమా?"

మా బడికి తనిఖీ ఉందంటే మేం చేసేదీ ఇదే. గోడలకు సున్నం కొట్టిస్తాం. కారే గదికి తాళం వేస్తాం. బాగా చదివే పిల్లలను ముందు బెంచీల్లో కూర్చోబెడతాం. వచ్చినాయన 'బాగుంది' అని రాసి వెళ్తాడు. బాగున్న బడికి కొత్త గది ఎందుకిస్తారు? ఆ గది ఏళ్ళుగా కారుతూనే ఉంది. మేం ఏటా సున్నం కొడుతూనే ఉన్నాం.

"నాకు ఒక్క మాట చెప్పవలసింది," అన్నాను. "ఒక్క ఫోన్."

"మీరు మాసికానికి వెళ్ళారు కదా మేడమ్," అంది లావణ్య. "ఆ టైమ్‌లో చెరువు గురించి కాల్ చేస్తే బాగోదనుకున్నాం. సర్‌ప్రైజ్‌గా ఉంటుందని కూడా..." ఆ మాట పూర్తి చేయలేదు.

యాదయ్య నేల వైపు చూస్తూ అన్నాడు. "సారు పోయిండు. సారు చెరువు చూడనీకి పెద్దపెద్దోళ్ళు వస్తున్నరన్నరు. పాచి, కంపు, అండ్ల ప్లాస్టికు... చూసి ఏమనుకుంటరు? ఈయన ఇన్నేండ్లు చేసింది గిదేనా అనరా? సారు పేరు పోవద్దని చేసినం టీచరమ్మా. దేనికోసమో చేయలే."

బల్ల మీద నీళ్ళ సీసా ఉంది. మూత తీసి తాగాను. నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయి.

"ఆయన మీకు ఎన్నిసార్లు చెప్పారు? ఇదే గదిలో బోర్డు పెట్టి చెప్పారు కదా. పోషకాలు ఎక్కువ కావడమే మన చెరువు రోగమని."

"చెప్పినాడు మ్మా, కాదనను," అన్నారు సుబ్బరాయుడుగారు. "పోషకాలంటే మంచివే గదా అని మావాళ్ళు అప్పుడూ అడిగిరి. ఆయన నవ్వె. మళ్ళా మొదటినుంచి చెప్పె. మేం తలకాయలూపితిమి." కొంచెం ఆగి, ఏదో తోచినట్టు నిటారుగా కూర్చున్నారు. "అయినా పటికతో పోయింది గదా ఆ భాస్వరం? ఏటా ఒక లారీ తోలుకుందాం. ఈ గవర్నమెంటుతో మనకేం పని?"

"పోలేదు. అడుక్కి దిగింది. పైనుంచి వచ్చేది రోజూ వస్తూనే ఉంది. కిటికీలోంచి చూడండి."

ముగ్గురూ తలలు తిప్పారు. రెండో అంతస్తు కిటికీలోంచి చెరువు కనబడుతోంది. మళ్ళీ పచ్చబడింది. కాలువ కలిసే చోట గుర్రపుడెక్క చాప పరిచినట్టు ఉంది.

"ఆ ఇసక మూటలు తీసేటప్పుడు నిదానంగా తియ్యమంటి గదయ్యా," అన్నారు సుబ్బరాయుడుగారు. "ఒక్కసారి అంతా వదిలితిరి!"

"మళ్ళ మామీదికొచ్చిందా?" యాదయ్య లేచాడు. "కట్టుమన్నది మీరే, తీయమన్నది మీరే. చల్లుమన్నది మీరు, చల్లింది మేము. శాలువా కప్పింది మీరు, ఫోటోలున్నది మీరు. పనైతే మీది, తప్పైతే మాది. బానే ఉన్నది ప్రెసిడెంటు సారూ లెక్క!"

"నేనన్నది అది కాదబ్బా..."

"ఏదైతేంది? నిధులు గిధులు మీరు చూస్కోండ్రి. నాకు మిరుగం దాకా చేప బతికితే చాలు."

మిరుగం అంటే మృగశిర కార్తె. ఆ రోజు హైదరాబాదులో చేప తినని ఇల్లు తక్కువ. యాదయ్య సంఘం ఏడాదంతా ఎదురుచూసేది ఆ రోజు కోసమే. పోయిన ఏడు మిరుగానికి ముందే చేపలన్నీ తేలిపోయాయి. ఆ దెబ్బకు తన కూతురు నవనీతను నర్సింగ్ కాలేజీ మాన్పించాడు. ఆ పిల్ల ఇప్పుడు ఒక షాపింగ్ మాల్‌లో బిల్లు కౌంటర్ దగ్గర నిలబడుతోంది.

గుమ్మం దగ్గర ఆగి నాతో అన్నాడు. "నవనీతను జూన్ల మళ్ళ చేర్పిస్త అని మాటిచ్చిన టీచరమ్మా. పోయిన ఏడు సారు కొట్లాడి ఆ గాలి మిషన్లు పెట్టించకుంటే ఆ మాట గూడ ఇయ్యకపోదును. వస్త. దాణా వేసే యాళ్ళైంది."

అతను వెళ్ళిపోయాక కాఫీ వచ్చింది.

*

నరేందర్ ఫోన్ అప్పుడే వచ్చింది. స్పీకర్ పెట్టాను.

"మేడమ్, ఒక చాన్సున్నది. పైవాళ్ళను బతిమాలిన. మే నెలల ఇంకోసారి శాంపిల్ తీస్తరు. ఇదే లాస్ట్."

"ఇప్పుడు తీసినా తేలుతుంది నరేందర్. చెరువు మళ్ళీ పచ్చబడింది."

"తేలుతది మేడమ్. కానీ ఒక కండిషన్ పెట్టిన్రు. పోయినసారి మనోళ్ళు చేసింది వాళ్ళకు తెలిసిపోయింది. ఈసారి శాంపిల్‌కు ముందు పదిహేను రోజులు చెరువుల ఏ ట్రీట్‌మెంటూ నడవద్దు. పటిక వేయొద్దు, మొక్క పీకొద్దు. ఏరేటర్లు గూడ బంద్."

ఏరేటర్లంటే యాదయ్య చెప్పిన గాలి మిషన్లే. నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు.

"ఏరేటర్లు ఎందుకు? వాటితో భాస్వరం తగ్గదు కదా."

"తగ్గదని నాకు తెలుసు, మీకు తెలుసు. రూల్‌లో అది ట్రీట్‌మెంట్ కింద రాసుంది. నడుస్తుంటే 'ఆల్రెడీ పని జరుగుతున్న చెరువు' అని పక్కన పెడతరు."

"ఈ ఎండల్లో అవి ఆపితే చేపలు బతకవు."

"అది నేను చెప్పలేను మేడమ్. మీరు ఎట్లంటే అట్ల. రేపటికల్లా నాకు ఊఁ అనో ఊహూఁ అనో చెప్పండి. రేపటి నుంచే పదిహేను రోజుల లెక్క."

ఫోన్ పెట్టేశాక లావణ్య మెల్లగా అంది. "చేపల నష్టం మనం కలెక్ట్ చేసి ఇవ్వొచ్చేమో మేడమ్. గ్రూప్‌లో అడుగుదాం."

"గ్రూపులో!" సుబ్బరాయుడుగారు చెయ్యి విసిరారు. "లిఫ్టు రిపేరుకు అడిగితేనే ఆర్నెల్లు పడుతుంది, చేపలకా? కానీ చూడమ్మా రత్నమాలమ్మా. ఒక్క ఏడు. ఈ ఒక్క ఏడు పోతే ఆ యంత్రం కడతారు. వచ్చే ఏటి నుంచి వాళ్ళ చేప ఎప్పటికీ చావదు. సార్ పని అయిపోతుంది. ఏరేటర్లకు కరెంటు మన మీటరు మీదే గదా నడిచేది. ఒక స్విచ్చి."

"యాదయ్యను అడగాలి."

"అడిగితే ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోకపోవచ్చు. అయినా అడగాలి. రేపు పొద్దున నేను మాట్లాడతాను. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి."

ఆయన సరేననలేదు, కాదనలేదు. "కాఫీ తాగు మ్మా, చల్లారిపోతాంది," అన్నారు.

*

ఒంటిపూట బడులు కాబట్టి మరునాడు పెందలాడే బయల్దేరాను. యాదయ్యతో ఏ మాట ముందు చెప్పాలో దారంతా అనుకుంటూ నడిచాను. నిధి సంగతి ముందు చెబితే చేపల సంగతి వినడు. చేపల సంగతి ముందు చెబితే నిధి సంగతి వినడు. మా ఆయనైతే ఏం చెప్పేవారో తెలియలేదు. ఆయన ఎప్పుడూ అవతలి మనిషికి తోచేదాకా ఓపికగా కూర్చునేవారు. నాకు అంత వ్యవధి లేదు.

సందు మలుపు తిరగగానే రోజూ ఏరేటర్ల చప్పుడు వినబడుతుంది. ఆ రోజు వినబడలేదు.

కట్ట ఎక్కి చూశాను. చక్రాలు నిలిచిపోయి ఉన్నాయి. నీళ్ళ మీద పాచి మీగడలా కదలకుండా ఉంది. ఒడ్డు దగ్గర నీళ్ళలో చిన్నచిన్న గుండ్రాలు లేస్తున్నాయి. వాన చినుకులేమో అనుకున్నాను. ఆకాశంలో మబ్బు లేదు. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

సుబ్బరాయుడుగారికి ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తారు.

"నేనే ఆపించినా మ్మా," అన్నారు నేను అడగకముందే. ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉంది గొంతు. "నువ్వు వాణ్ణి అడగలేవు. అడిగినా వాడు కాదంటే నువ్వు ఒత్తిడి చెయ్యలేవు. నాకు తెలుసు గదా నీ గుణం. చెడ్డపేరు నాకే రానీ. ఆయన పని కావల్ల. అంతే."

"వెంటనే వేయించండి."

"వేస్తే లెక్క మళ్ళా మొదటికొస్తుంది. నరేందర్‌తో ఊఁ అనేసినా. బాగా ఆలోచించుకో మ్మా. ఆలోచించుకుని మళ్ళా ఫోన్ చెయ్. నువ్వు వెయ్యమంటే వేయిస్తా. మాటిస్తాండా."

ఆయన పెట్టేశారు. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, నాకు తేలికగా అనిపించింది. నేను చేయలేని పనిని ఇంకొకరు చేసేశారు. పదిహేను రోజులు ఊరుకుంటే చాలు. మా ఆయన నాలుగేళ్ళు తిరిగిన పని అయిపోతుంది. ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అంతలో కట్ట కింద నుంచి కేక వినిపించింది.

"టీచరమ్మా! మంచిగొచ్చినవ్!"

యాదయ్య తెప్ప మీద మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో గెడ పట్టుకుని నీళ్ళను బాదుతున్నాడు. ఇంకాస్త అవతల అతని భార్య లచ్చమ్మ నడుములోతు నీళ్ళలో నిలబడి చేటతో నీళ్ళు ఎత్తెత్తి పోస్తోంది. గాలి కలపడానికి వాళ్ళకు అంతకన్నా దారి లేదు. ఇద్దరూ చెమటతో తడిసి ఉన్నారు.

"రాత్రి నుంచి కరెంటు లేదు!" రొప్పుతూనే అరిచాడు. "ఆ బిల్డింగుల లైట్లున్నయి గని, వాళ్ళకు జనరేటర్లుంటయ్ గద. జర ప్రెసిడెంటు సారుకు ఫోన్ కొట్టు. మిషన్లకు గూడ జనరేటర్ లైన్ ఇయ్యమను. నిన్న నేను నోరు జారిన. నామీద కోపముంటే ఉండనీ, చేపల మీద ఉండదు గద!"

లచ్చమ్మ చేట ఆపి నా వైపు తిరిగింది. "కొట్టమ్మా, నీ కాల్మొక్త. నీ మాటైతే ఇంటడు."

ఫోన్ నా చేతిలోనే ఉంది. సుబ్బరాయుడుగారి నంబర్ తెర మీదే ఉంది.

కరెంటు పోలేదని యాదయ్యకు నేనింకా చెప్పలేదు.